నాలుగు శ్రుతి గొంతు

బుధవారం సాయంత్రం ఏడయ్యేలోపే మా అమ్మ వంట ముగించేది. పోపు చిటపటలు, వంటింటి ఫ్యాను రొద వినిపిస్తే టీవీలో పాట మొదలు పోతుందని తమ్ముడు కాళ్ళు నేలకేసి కొట్టేవాడు. కింది పోర్షన్ మామ్మకి వినిపిస్తుందని అమ్మ భయం. అందుకని చారు కాస్త ముందే దింపేసి, గిన్నె మీద మూత పెట్టి, తనూ వచ్చి మా వెనకాల కూర్చునేది. 1989 ఏప్రిల్ 26న మొదలైంది ఆ బుధవారాల పండగ. ఫుజి టీవీలో డ్రాగన్ బాల్ జెడ్. కథ సంగతి తర్వాత, ముందు పాట. హిరోనొబు కగెయామా అనే ఆయన పాడిన ‘చా-లా హెడ్-చా-లా’. ఆయన పేరు అప్పటికి మాకు తెలీదు. ఎవరో ఒకాయన ఊపిరి బిగబట్టి, ఏమీ దాచుకోకుండా, మా కోసమే పాడుతున్నాడనుకునేవాళ్ళం.

మేం అప్పుడు జపాన్‌లో, త్సుకుబాలో ఉండేవాళ్ళం. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పనిచేసే నాన్నని అక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థ ఒకటి మూడేళ్ళకి పిలిచింది. 1988 చలికాలం చివర్లో వెళ్ళాం. త్సుకుబాకి అప్పట్లో రైలు లేదు, అది 2005లో గానీ రాలేదు. ఉయెనోలో జోబన్ లైను ఎక్కి, గంటకు పైగా కూర్చుని, త్సుచియురాలో దిగి బస్సు పట్టుకోవాలి. త్సుచియురా చుట్టూ, కసుమిగౌరా సరస్సు ఒడ్డున, చూపు ఆనినంత మేరా తామర మళ్ళు. మొదటిసారి బస్సు కిటికీలోంచి ఆ మళ్ళు చూసినప్పుడు పువ్వులు లేవు, ఆకులు ఎండి వంగిపోయి ఉన్నాయి. నడుం లోతు నీళ్ళలో దిగిన మనుషులు గొట్టంతో నీళ్ళు చిమ్మి, బురద కడిగేస్తూ దుంపలు పైకి లాగుతున్నారు. పూజకి పువ్వు, భోజనానికి ఆకు తప్ప తామరతో ఇంకో పని ఉంటుందని ఎరగని అమ్మ, ఆ వారంలోనే తామరదుంప చక్రాల్లా తరిగి, ఇంగువ వేసి వేపుడు చేసింది. ఆ మూడేళ్ళలో అది మా ఇంటి కూరే అయిపోయింది.

నమికి అనే పేటలో ప్రభుత్వ ఉద్యోగులకు కట్టిన నాలుగంతస్తుల ఇళ్ళు, వరసలు వరసలుగా ఉండేవి. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. గదుల్లో నేలంతా తుంగతో అల్లిన చాపలు పరిచి ఉండేవి. వానాకాలం వచ్చిందంటే వాటిలోంచి తడిగడ్డి వాసన లేచేది. పక్కబట్టలు పిట్టగోడ మీద ఆరేసి, మధ్యాహ్నం బెత్తంతో దుమ్ము దులపడం నా పని. చలికాలం త్సుకుబా కొండ మీంచి పొడిగాలి దిగేది, దానికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరే ఉంది, త్సుకుబా ఒరోషి. ఆ గాలికి పెదవులు పగిలి నెత్తురు వచ్చేది. అమ్మ వెన్న రాసేది. కిరసనాయిలు పొయ్యి ఒక్కటే గది వెచ్చబెట్టేది. పాట పెట్టుకుని కిరసనాయిలు బండి వచ్చేది, నాన్న డబ్బా మోసుకొస్తే, నేను చేతిపంపు నొక్కి పొయ్యిలోకి నూనె దింపేదాన్ని. చేతులకు అంటుకున్న ఆ వాసన సబ్బుతో కూడా పోయేది కాదు, బళ్ళో పుస్తకం తెరిచినా అదే వాసన.

కందిపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు కావాలంటే ఉయెనో పక్కన అమెయోకో సంతకే పోవాలి. రానూపోనూ చార్జీలు లెక్కేసుకుని, నెలకోసారి నాన్న వెళ్ళి సంచి నింపుకొచ్చేవాడు. అన్నం ముద్దగా ఉండేది, పులిహోర కలిపితే ఉండకట్టేది. వరి మనిషి కదా నాన్న, ఆ అన్నాన్ని వేళ్ళ మధ్య నలిపి చూస్తూ, మన స్వర్ణకీ దీనికీ తేడా ఏమిటో మాకు చెబుతూ తినేవాడు. చింతపండు మాత్రం ఊరి నుంచి తాతయ్య పార్శిల్లో రావాల్సిందే.

కింది పోర్షన్ మామ్మ లేకపోతే ఆ మూడేళ్ళు అమ్మ ఎలా నెట్టుకొచ్చేదో నాకు తెలీదు. ఇద్దరికీ ఒక్క భాష లేదు. జూన్‌లో, ముసురు పట్టే రోజుల్లో, మామ్మ ఊమె అనే పచ్చి పుల్లటి కాయలు బుట్టెడు తెచ్చి, ఉప్పులో ఎలా ఊరేయాలో చేతులతో చూపించింది. అమ్మ సగం కాయలు ఆవిడ చెప్పినట్టే ఊరేసి, మిగతా సగం తుడిచి ఆరబెట్టి, ఆవపిండి, కారం, నువ్వులనూనె పట్టించి ఆవకాయ పెట్టేసింది. మూడు వారాలు ఊరాక గిన్నెడు కిందికి పంపితే, మామ్మ కళ్ళమ్మట నీళ్ళు కార్చుకుంటూనే తిన్నదట. మర్నాడు ఖాళీ గిన్నె కడిగి, అందులో చిలగడదుంప ముక్కలు పెట్టి పంపింది, ఉడకబెట్టి ఎండలో ఎండేసినవి, ఇబరాకి జిల్లా ప్రత్యేకం. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదని మా అమ్మమ్మా అనేది.

మామ్మకి ఒక మనవడు, నా ఈడువాడు. ఇంకా పెళ్ళి కాని చిన్నకూతురు ఉండేది, త్సుచియురాలో బట్టల కొట్లో పనిచేసేది. మేం ఆమెని అక్క అని పిలిచేవాళ్ళం. బడికి వీపున తగిలించుకునే ఎర్ర తోలు సంచి కొత్తది కొనాలంటే నాన్న జీతంలో పెద్ద ముక్కే పోయేది. అక్క చిన్నప్పటిది అటక మీంచి తీసి, మైనం రుద్ది, నాకు ఇచ్చారు. లోపల మూత మీద ఆమె పేరు అలాగే ఉంది. నేను చెరపలేదు.

1989 జనవరి 7న జపాన్ చక్రవర్తి పోయాడు. రెండు రోజులు టీవీలో పాటలూ ఆటలూ బంద్. ఏప్రిల్ ఒకటి నుంచి ప్రతి కొనుగోలు మీదా నూటికి మూడు పన్ను వచ్చింది, పిల్లలం మిఠాయి కొట్టుకి పోతే పిడికిట్లో ఒక యెన్ బిళ్ళలు కూడా పట్టుకుపోవాల్సి వచ్చింది. ఆ నెలాఖరుకే ఈ పాట వచ్చింది. బళ్ళో మధ్యాహ్నం భోజనాలయ్యాక గదులూ వరండాలూ పిల్లలే తుడవాలి. తడిగుడ్డ మీద రెండు చేతులూ ఆనించి, వంగి, వరండా ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తాలి. మే నెల వచ్చేసరికి మగపిల్లలంతా ఈ పాట అరుస్తూ పరిగెత్తేవాళ్ళు. పంతులమ్మ పాట అయ్యేదాకా ఊరుకుని, అప్పుడు గంట కొట్టేది. ఏడాది పాటు బళ్ళో నోరు విప్పని నేను, ఆ వరండాలో వాళ్ళతో కలిసి, సగం మాటలకు అర్థం తెలీకుండానే గొంతెత్తాను. ఒక్కరూ తిరిగి చూడలేదు. అంత ఒక్కటిగా కలిసిపోయింది నా గొంతు. నాకు జపనీసు ఆ రోజు నుంచి వచ్చింది.

ఆ పాట బజార్లో బుల్లి సీడీగా దొరికేది, ఎనిమిది సెంటీమీటర్లది, పొడుగాటి అట్ట కవర్లో. మా ఇంట్లో సీడీ వాయించే యంత్రం లేదు. ఊరికి ఉత్తరాలు పంపడానికి కొన్న టేపురికార్డరు ఉండేది. ఉత్తరాలంటే కాసెట్లే. నెలకోసారి నలుగురం చుట్టూ కూర్చుని, ఒకరి తర్వాత ఒకరం మాట్లాడి, కాసెట్టు పోస్టులో వేసేవాళ్ళం. మా ఊళ్ళో తాతయ్య దాన్ని అరుగు మీద పెట్టి, వచ్చిపోయేవాళ్ళందరికీ వినిపించేవాడు. తమ్ముడు ఒక బుధవారం ఆ రికార్డరు టీవీకి ఆనించి పాట పట్టాడు. ఆ నెల కాసెట్లో అమ్మ ఊమె ఆవకాయ సంగతులూ, నాన్న వరి సంగతులూ అయ్యాక, మా వంతుగా ఆ పాటే వెళ్ళింది.

తాతయ్య నాటకాల మనిషి. తణుకు చుట్టుపక్కల ఊళ్ళలో హరిశ్చంద్ర ఆడితే హార్మణీ పెట్టె ఆయనదే. మైకులు సరిగ్గా లేని రోజుల్లో, తెల్లారేదాకా కూర్చునే జనంలో ఆఖరి వరసవాడికీ పద్యం వినపడాలంటే నాలుగు శ్రుతికి తగ్గకూడదనేవాడు. తగ్గించి పాడేవాణ్ణి మనసులో కూడా క్షమించేవాడు కాదు. ఆయన జవాబు ఎయిర్ మెయిల్ కవర్లో వచ్చింది. పొలం శిస్తు, అమ్మమ్మ మోకాలు నొప్పి, గేదె ఈనిన సంగతి రాశాక, కింద ఇలా ఉంది: ఆ పాడిన కుర్రాడెవరు? భాష తెలీదు గానీ గొంతు నాలుగు శ్రుతి గొంతు. పిల్లల పాటే కదా అని తేలిగ్గా తీసుకోలేదు. ఇంకేం పాడాడో కనుక్కుని రాయండి.

ఇప్పుడు తలుచుకుంటే, కగెయామా గురించి తర్వాత ఎక్కడ ఏం చదివినా, తాతయ్య పెట్టిన ఈ తూకమే నాకు సరిగ్గా సరిపోతుంది.

కనుక్కోవడానికి దూరం పోనక్కర్లేకపోయింది. మేం కాసెట్టు మళ్ళీ మళ్ళీ తిప్పుతుంటే కిందినుంచి అక్క పైకి వచ్చింది. ఇతను మిషెల్ కదా అంది. ఆ రాత్రి, పైన దుప్పటీ కప్పిన వెచ్చటి బల్ల కింద కాళ్ళు పెట్టుకుని, నారింజకాయలు వలుస్తూ కథంతా చెప్పింది. నేను విని, అమ్మకి తెలుగులో చెప్పాను.

కగెయామా 1961 ఫిబ్రవరిలో ఒసాకాలో పుట్టాడు. చదువుకునే రోజుల్లో స్నేహితులు అకిరా తకసాకి, హిరొయుకి తనకాలతో బ్యాండు కట్టాడు, తర్వాత డ్రమ్ములకి మునెతకా హిగుచి, కీబోర్డుకి షుంజి ఇనొఉఎ చేరారు. బ్యాండు పేరు లేజీ, వాళ్ళు ప్రాణంగా చూసుకునే డీప్ పర్పుల్ బృందం పాట పేరు అది. గట్టి రాక్ వాయించాలని వాళ్ళ కోరిక. 1977లో రికార్డు వచ్చేసరికి వాళ్ళని ఆడపిల్లల కలల కుర్రాళ్ళుగా తయారుచేసి నిలబెట్టారు. ఒక్కొక్కరికీ ముద్దుపేరు పెట్టారు, కగెయామాది మిషెల్. 1978లో ఒక పాట బాగా మోగింది. అక్కకి అప్పుడు పదిహేనేళ్ళు. గోడ నిండా వాళ్ళ బొమ్మలే అతికించిందట, మామ్మ తిట్టుకుంటూనే జిగురు ఇచ్చిందట. చివరికి 1980లో తమకు ఇష్టమైన గట్టి రాక్ రికార్డు ఒకటి చేసి, మరుసటేడు విడిపోయారు. తకసాకి, హిగుచి లౌడ్‌నెస్ అనే బ్యాండు పెట్టి, 1985 నాటికి అమెరికా జాబితాల్లో ఎక్కారు. కగెయామా మాత్రం ఒంటరిగా చిన్న చిన్న పాటల హాళ్ళలో పాడుకుంటూ, బతుకుతెరువుకి వేరే పనులు కూడా చేసుకుంటూ, ఇరవైలు గడిపాడు.

అదే 1985లో, అక్క వంటింట్లో గిన్నెలు తోముతుంటే, ముందుగదిలో మేనల్లుడు పెట్టిన టీవీలోంచి ఆ గొంతు వచ్చింది. రంగు రంగుల కవచాలు తొడుక్కున్న అయిదుగురు వీరుల కథ, డెంగెకి సెంటాయ్ చేంజ్‌మాన్. చేతుల నురగతోనే పరిగెత్తుకొచ్చి పేర్లు చూస్తే గాయకుడి చోట ‘కగె’ అని మాత్రమే ఉంది. అయినా ఆమెకి అనుమానమే లేదు. తర్వాత మాస్క్‌మాన్, ఆ తర్వాత సెయింట్ సెయా, ఇప్పుడు ఇది. ఎవరూ తలుచుకోని రోజుల్లో ఆయన ఎక్కడున్నాడో అని పిల్ల మనసుతో బెంగ పడిందట అక్క. పిల్లల కార్యక్రమాల్లో దొరికినందుకు కించపడలేదు, సంతోషపడింది. ఆ కాలంలో పేరున్న గాయకులు చాలామంది కార్టూన్ పాటల్ని కిందిమెట్టు పనిగా చూసేవారు. కగెయామా ఆ పాటలకీ రాక్ పాటకి పెట్టే ఊపిరే పెట్టాడు.

అక్క అంతవరకే చెప్పగలిగింది, మిగతాది నేను పెద్దయ్యాక పోగుచేసుకున్నాను. డ్రాగన్ బాల్ జెడ్ 1996 దాకా నడిచింది, రెండో పాటా ఆయనదే. ఆ కథతో వచ్చిన వీడియో గేములకూ ఆయనే పాడాడు. 2000లో, 1972లో మాజింగర్ జెడ్ అనే రోబో కార్టూన్ పాట పాడి ఈ దారికి పెద్దన్న అయిన ఇచిరో మిజుకి, కొందరు గాయకుల్ని కూడగట్టి జామ్ ప్రాజెక్ట్ అనే బృందం పెట్టాడు. అందులో కగెయామా మొదటినుంచీ ఉన్నాడు. మిజుకి ఎలాంటివాడంటే, 1999లో కవగుచి సరస్సు దగ్గర ఇరవై నాలుగు గంటల్లో వెయ్యి పాటలు పాడినవాడు. ఆయన 2022 డిసెంబరులో, ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయాడు, ఆఖరి వారాల్లో కూడా వేదికెక్కి పాడాడు. సూపర్ రోబోట్ వార్స్ అని ఒక వీడియో గేముల వరస ఉంది. మాజింగర్ జెడ్ మొదలు వేర్వేరు కథల రోబోలన్నీ అందులో ఒకే జట్టుగా యుద్ధం చేస్తాయి. దానికి ఏళ్ళ తరబడి జామ్ ప్రాజెక్ట్ పాటలే. బ్రెజిల్ నుంచి రికార్డో క్రూజ్ అనే గాయకుడు వచ్చి వాళ్ళతో చేరాడంటే, ఆ గొంతులు ఎంత దూరం పోయాయో చూడండి. ఆ పాటలు వెలువరించిన లాంటిస్ కంపెనీని స్థాపించినవాడు షుంజి ఇనొఉఎ, పాత లేజీలో కీబోర్డు వాయించిన ఆ కుర్రాడే. ఇది చదివిన రోజు నాకు అక్కకి ఫోన్ చేసి చెప్పాలనిపించింది. చెప్పాను కూడా. తొంభైల చివర్లో లేజీ మళ్ళీ కలిసి వాయించినప్పుడు ఆమె పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వెళ్ళిందట. తనకా 2006లో, హిగుచి 2008లో పోయారు. అంచేత ఆ కచేరీ చూసినందుకు ఆమెకి ఎంత తృప్తో మాటల్లోనే తెలిసింది.

మన దేశంలో డ్రాగన్ బాల్ జెడ్ వచ్చినప్పుడు మా అన్నయ్యగారి అబ్బాయి హైదరాబాద్‌లో కళ్ళార్పకుండా చూసేవాడు. అది అమెరికాలో మాటలతో పాటు సంగీతం కూడా మార్చిన రూపం. బొమ్మలు అవే, మనుషులు వాళ్ళే, ఈ గొంతు లేదు. వాడికి నేను మా టేపు వినిపించాను. టీవీలోంచి పట్టింది కదా, పాట వెనక అమ్మ తమ్ముణ్ణి జరగమనడం కూడా ఉంది. వాడు ఒకసారి విని, అత్తా ఇంకోసారి అన్నాడు.

మేం 1991 వేసవిలో తిరిగొచ్చేశాం. బయల్దేరే రోజు మామ్మ బస్టాపు దాకా వచ్చింది, ఎర్ర సంచి నాతోనే ఉంచుకోమంది. ఊరికి చేరిన నాలుగో రోజో అయిదో రోజో, గోస్తనీ కాలువ కట్టేసి వీధి కుళాయి దగ్గర బిందెలు బారులు తీరిన ఎండల్లో, తాతయ్య అరుగు మీద హార్మణీ పెట్టె దించాడు. తిత్తికి రెండు చోట్ల అతుకులు. అమ్మాయ్, ఆ పాట ఎత్తు అన్నాడు. నేను ఎత్తాను, తమ్ముడు అందుకున్నాడు. తాతయ్య చెవి వంచి, మెట్టు మీద మెట్టు వెతుక్కుంటూ, మా గొంతు దొరికేదాకా వేళ్ళు జరుపుకుంటూ పోయాడు. దొరికాక వదల్లేదు. ఎదురింటి కామయ్య మావయ్య పొలం వెళ్ళేవాడు ఆగాడు. బిందెలవాళ్ళు ఇటు తిరిగారు. ఎవరో వన్స్ మోర్ అన్నారు, మళ్ళీ పాడాం.

ఆ సాయంత్రం తాతయ్య నాన్నని కూర్చోబెట్టి ఉత్తరం రాయించాడు, ఆ కుర్రాడికి. చిరునామా తెలీదంటే టీవీ స్టేషనుకి వెయ్యమన్నాడు. తను చెబుతుంటే నాన్న ముందు తెలుగులో రాసుకుని, రాత్రి దీపం కింద జపనీసులోకి తిరగరాశాడు. బ్యాండు విడిపోయిన సంగతి మా పిల్ల చెప్పిందనీ, జట్టు చెదిరిపోయాక ఒంటరిగా గొంతు కాపాడుకోవడం ఎంత కష్టమో నాటక సమాజాలు మూతపడ్డ నటుల్ని చూసిన తనకి తెలుసుననీ, మా ఊరి పిల్లలు కూడా నీ పాట పాడుతున్నారనీ, గొంతు ఇంకా నలభై ఏళ్ళు నిలవాలంటే పాడే ముందు రోజు రాత్రి పెరుగు మాని, మిరియాలు, శొంఠి వేసి కాచిన పాలు తాగమనీ.